గురువారం నాడు అడగని మాట

బాలత్రిపురసుందరి ఈ కెనడా దేశంలో సాధించిన మొదటి విజయం జీ-టూ డ్రైవింగ్ లైసెన్సు, అంటే పక్కన ఎవరూ లేకుండా బండి నడపనిచ్చే లైసెన్సు. నాలుగోసారికి పాసైంది. మొదటిసారి స్టాప్ గుర్తు దగ్గర బండి పూర్తిగా ఆపలేదన్నారు. రెండోసారి లేన్ మారేటప్పుడు భుజం మీదుగా వెనక్కి చూడలేదన్నారు. మూడోసారి మరీ నెమ్మదిగా నడిపిందన్నారు. 2021 నవంబరులో, తొలి మంచు పడిన రోజున, పరీక్షకు వచ్చినవాళ్లలో సగంమంది వాయిదా వేసుకుని వెళ్లిపోతే ఈమె మాత్రం సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంది. ఇరవై నిమిషాల తర్వాత దిగి వచ్చి, చేతిలో కాగితం నాకు చూపించి, కారు బానెట్ మీద తల ఆనించి ఏడ్చింది. అప్పటికి ఆమె వయసు నలభై తొమ్మిది.

నేర్పింది నేను. నా పేరు కొమరయ్య. జనగామ దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. బాలానగర్‌లో లేత్ మిషను మీద తొమ్మిదేళ్లు, మస్కట్‌లో ఆరేళ్లు, ఒంటారియోలోని ఈ వాన్ పట్టణంలో పనిముట్లు తయారుచేసే ఒక టూల్ షాపులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. డిగ్రీ లేకుండా మన తెలుగు సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడైనవాణ్ణి నేనొక్కణ్ణే. రిటైరయ్యాక ముప్పై ఒక్కమందికి డ్రైవింగ్ నేర్పాను, అందరూ పాసయ్యారు. ఇవన్నీ ఇక్కడ రాయడానికి కారణముంది. సంఘంలో నా మాటకు విలువ ఉంది. ఆ విలువ చూసే సుందరి నన్నొక సంగతి అడిగింది. నేను జవాబు చెప్పాను. రెండు నెలలుగా మన సంఘం పత్రిక పాఠకులు చాలామంది ఆమె గురించి మాట్లాడుకుంటున్నారు. యూదుల పవిత్ర గ్రంథాలు నదిలో పారేసిందట అని ఒకరు, పోలీసులొచ్చారట అని మరొకరు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆమెను మళ్లీ ఆ పుస్తకాల యజమాని ఇంటి గడప ఎక్కనిస్తారా లేదా అన్న దిగులులో ఆమె ఎలా బతికిందో అప్పుడు మీకు తెలుస్తుంది.

సుందరిది రేపల్లె పక్క పల్లె. అక్కడ పద్నాలుగేళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసింది. 2019లో భర్త మహీధర్‌తో, కూతురు రిషితతో ఇక్కడికి వచ్చింది. మహీధర్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. రిషిత ఇప్పుడు లండన్‌లో, అంటే మన ఒంటారియో లండన్‌లో, యూనివర్సిటీలో చదువుతోంది. లైసెన్సు చేతికొచ్చాక సుందరి పర్సనల్ సపోర్ట్ వర్కర్ కోర్సులో చేరింది. ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు ఇంటికి వెళ్లి సాయం చేసే పని అది. క్లాసులో అందరూ ఇరవై ఏళ్ల పిల్లలు. వాళ్ల మధ్య కూర్చుని రెండో ర్యాంకు తెచ్చుకుంది. అలా ఇళ్లకు మనుషులను పంపే ఏజెన్సీలో చేరాక ఒక్క రోజు ఆలస్యంగా వెళ్లింది లేదు. ఐదు ఇళ్లవాళ్లు ఆమెనే పంపమని ఏజెన్సీకి ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు నేను చదివాను.

2022 సెప్టెంబరులో ఆమెను రబ్బీ జెల్మన్ హోర్నిక్ గారింటికి పంపారు. యూదుల శాస్త్రం చదివి, పదిమందికి చెప్పే పండితుణ్ణి రబ్బీ అంటారు. ఇప్పుడాయనకు ఎనభై ఎనిమిదేళ్లు. భార్య పోయింది. కొడుకు డోవ్ నాలుగు వీధుల అవతల ఉంటాడు. పొద్దున స్నానం చేయించడానికి ఒక మగమనిషి వస్తాడు. మందులు, బీపీ చూడటం, తిండి వేడిచేయడం, వాకర్ పట్టుకుని నడిపించడం సుందరి పని.

మొదటి వారం ఆమెకు అన్నీ వింతే. పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. ఆమె ఆ ఇంట్లో ఉన్నంతసేపూ వీధి తలుపుకు గడియ వేయకూడదు, పరాయి ఆడమనిషితో మూసిన ఇంట్లో ఒంటరిగా ఉండటం వాళ్లకు నిషిద్ధం. ఆయన చెయ్యి కలపడు. ఈమె రెండు చేతులూ జోడించింది. ఆయన తలవంచాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ అదే మర్యాదగా స్థిరపడింది.

"అచ్చం మా నాయనమ్మ మడేనండి బాబాయ్ గారూ," అని నాతో అంది. "మా నాయనమ్మ కూడా అంతే, నా పుస్తకాల సంచీ తగిలితే మళ్లీ స్నానం చేసేది."

శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్లకు విశ్రాంతి దినం. ఆయన స్విచ్చు ముట్టడు. నువ్వు వెయ్యి అని మరొకరికి చెప్పడు కూడా. "ఈ గదిలో వెలుతురు తక్కువైనట్టుంది," అంటాడు గోడవైపు చూస్తూ. సుందరి లేచి లైటు వేస్తుంది. "ఇవాళ గాలి చల్లగా ఉంది," అంటాడు. ఆమె వెళ్లి హీటు పెంచుతుంది. ఏజెన్సీ నుంచి అంతకు ముందు వచ్చినవాళ్లు ఇది పట్టుకోలేక ఆయన్ని చీకట్లో కూర్చోబెట్టారట. సుందరి నెలలో నేర్చుకుంది. ఆర్నెల్లకు ఆయన నోరు తెరవక ముందే కనిపెట్టేది. అందుకు ఆమెకు గర్వం. ఆ గర్వం తప్పని నేననను. పద్నాలుగేళ్లు మాటలు రాని పసిపిల్లల మధ్య పనిచేసినామె.

ఆ ఇంటి సంగతులు నాకు చెబుతుండేది. వినీ వినీ, ఈ 2025 ఫిబ్రవరిలో మన సీనియర్ల సమావేశంలో 'యూదు గురువులు, మన ఋషులు చెప్పింది ఒక్కటే' అన్న విషయం మీద నలభై నిమిషాలు కాగితం చూడకుండా మాట్లాడాను. శాలువా కప్పారు, నాకది తొమ్మిదోది. సుందరి ముందు వరసలోనే ఉంది. బయటికొచ్చాక నెమ్మదిగా అంది.

"మీరు చెప్పినవన్నీ ఆయన అనలేదండీ బాబాయ్ గారూ."

"అనకపోతేంది బిడ్డా, భావం అదే గదా."

"అంతేనంటారా?"

"అంతే."

ఇక మార్చి ఇరవై ఏడు, గురువారం. వాళ్ల పాస్ఓవర్ పండుగ దగ్గరపడింది. ఆ పండుగకు రొట్టె తునక కూడా మిగలకుండా ఇల్లంతా దులిపి కడుగుతారు. సుందరి రబ్బీ గారి చదువు గది తుడుస్తోంది. కిటికీ పక్క అరలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉంది, నిండా అట్టలూడిన ప్రార్థన పుస్తకాలు. దాని పక్కనే గోధుమరంగు గుడ్డలో చుట్టి దారంతో కట్టిన పాత నోటు పుస్తకం. రబ్బీ గారు కుర్చీలోంచి ఆ అరవైపు చూశాడు. "వాటికి విశ్రాంతి వేళ అయింది. పండుగలోగా అయితే బాగుంటుంది," అన్నాడు. తర్వాత చదువుకుంటున్న పుస్తకంలో తల పెట్టేశాడు.

మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది.

"భోంచేశారా బాబాయ్ గారూ?"

"ఇప్పుడే తిన్న. చెప్పు."

సుందరి సంగతంతా చెప్పింది. "దేవుడి పుస్తకాలండి. బాగా చివికిపోయాయి. విశ్రాంతి అన్నారు. ఏం చేయాలంటారు?"

"ఆయన్నే అడగకపోయినవా?"

"అడిగితే ఇన్నాళ్లూ నేనేం నేర్చుకున్నట్టండి? ఆయన ఆపాటి మాటన్నారంటే నన్ను చూసుకోమనే. రీసైకిల్ డబ్బాలో వేస్తే పాపం కదా, అదొక్కటే నా భయం."

"డబ్బాల ఎట్ల వేస్తవు? మనింట్ల దేవుని పటం పాతదైతే ఏం చేస్తం? పారాయణం పుస్తకం చినిగితే ఏం చేస్తం?"

"పారే నీళ్లలో వదులుతాం."

"ఎవ్వరి దేవుడైనా అంతే బిడ్డా. రేపు శుక్రవారం, మంచి రోజు. ఆదివారం మన ఉగాది. ఆలోపు ఈ పుణ్యం కూడా నీ ఖాతాల పడుతది."

ఆమె నవ్వి ఫోను పెట్టేసింది. ఆ జవాబు చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక ఆ సంచీ, ఆ కట్ట పట్టుకుని డాన్ నది తూర్పు పాయ దగ్గరికి వెళ్లింది. మంచు కరిగి నీళ్లు జోరుగా పారుతున్నాయి. నదికి మంచిది కాదని ప్లాస్టిక్ సంచీలోంచి పుస్తకాలు తీసి కొత్త నూలు గుడ్డలో పెట్టింది. గోధుమరంగు కట్టను కూడా విప్పి అందులోనే సర్దింది. గుడ్డ అంచుకు పసుపు రాసింది. రెండు చామంతులు పెట్టింది. చెప్పులతో దేవుడి పుస్తకాన్ని ఎలా వదులుతామని, రెండు డిగ్రీల చలిలో బూట్లు విప్పి సాక్సులతో రాళ్ల మీద నిలబడింది. దండం పెట్టుకుని గుడ్డ ముడి వదులు చేసి నీళ్లలో వదిలింది. ఫోటో తీసి నాకు పంపింది. 'మంచి పని చేసినవు' అని రాశాను.

శనివారం ఎప్పటిలాగే వెళ్లింది. రబ్బీ గారు చదువు గదిలోకి వచ్చి అర ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇక్కడేదో ఖాళీగా ఉంది," అన్నాడు. సుందరి ఆ మాట కుర్చీ గురించనుకుని, దిండు తెచ్చి ఆయన కుర్చీలో వీపు దగ్గర పెట్టింది. ఆయన దిండును చూశాడు, ఆమెను చూశాడు, కూర్చున్నాడు. విశ్రాంతి దినం కాబట్టి ఇంకేమీ అడగలేదు.

ఆదివారం ఉగాది. హాలులో పచ్చడి పంచుతున్నాం. వేదిక మీద మంచి సేవకు సన్మానం పొందేవాళ్ల పట్టికలో సుందరి పేరుంది, పెట్టించింది నేనే. ఆమె పట్టుచీర కట్టుకుని కాగితం గ్లాసులో పచ్చడి పట్టుకుని ఉండగా డోవ్ ఫోను చేశాడు. చప్పుడులో వినబడక స్పీకర్ పెట్టింది. నేను పక్కనే ఉన్నాను.

"మిసెస్ సుందరీ, అరలో గోధుమరంగు గుడ్డలో నాన్నగారి నోటు పుస్తకం ఉండాలి. ఎక్కడుంది?"

"నదికి ఇచ్చానండి," అంది సుందరి నవ్వుతూనే. "పుస్తకాలతో పాటే. చాలా మర్యాదగా చేశాను, మీరేం కంగారుపడకండి."

అతను, "మీ చేత్తోనే చేశారా?" అన్నాడు.

పొద్దున కుక్కను తిప్పుతున్న ఒకాయన నది ఒడ్డున బురదలో హీబ్రూ అక్షరాల కాగితాలు చూసి, ఫోటో తీసి ఆ పేటవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాడట. ఎవరో యూదుల మీద ద్వేషంతో చేసిన పని అని వందల మంది రాశారు. ఈ రోజుల్లో అలాంటివి జరుగుతున్నాయి కూడా, వాళ్ల భయం ఉత్తది కాదు. ఆ ఫోటోలో తన తండ్రి చేతిరాతను డోవ్ గుర్తుపట్టాడు.

అప్పుడతను చెప్పింది మాకు తెలియని సంగతి. దేవుడి పేరున్న కాగితం మీద అక్షరం చెరపడం వాళ్లకు ఘోరమైన తప్పు. చిరిగిన పవిత్ర పుస్తకాలను పోగుచేసి, మనిషిని పూడ్చినట్టు శ్మశానంలో మట్టిలో పూడుస్తారు. విశ్రాంతి అంటే అది. ఆ సంచీ డోవ్ వచ్చి తీసుకెళ్లాల్సినది. మనకు దేవుడి కాగితం నీళ్లలో కరిగిపోవడమే మర్యాద. వాళ్లకు ఆ కరగడమే దోషం. పైగా ఆ నోటు పుస్తకం సంచీలోది కాదు. యాభై ఏళ్ల కిందట చనిపోయిన గురువు దగ్గర, మాంట్రియల్‌లో, రబ్బీ గారు పదకొండేళ్లు చదువుకున్నప్పుడు రాసుకున్నది. నూట పన్నెండు పేజీలు. మొదటి నలభై మాత్రం డోవ్ ఎప్పుడో ఫోనులో ఫోటోలు తీసి ఉంచాడు. మిగతావాటికి మరో ప్రతి లేదు.

సుందరి పచ్చడి గ్లాసు కింద పెట్టి వేదికవైపు చూడకుండా బయటికి నడిచింది.

ఆ సాయంత్రమే ఆమె పేట గ్రూపులో తన పేరుతో, తన ఫోటోతో రాసింది: ఇది చేసింది నేను, ద్వేషంతో కాదు, తెలియక చేశాను, క్షమించండి అని. మహీధర్ వద్దన్నాడు. వినలేదు. మర్నాడు ఒక పోలీసు ఆఫీసరు ఇంటికొచ్చి నాలుగు ప్రశ్నలడిగి, రాసుకుని, కేసేమీ లేదని చెప్పి వెళ్లాడు. మన సంఘంలో తిరుగుతున్న పోలీసుల కథ ఇంతే.

సోమవారం సుందరి, మహీధర్, నేను నది వెంట వెతికాం. డెబ్బై నాలుగేళ్ల వయసులో రబ్బరు బూట్లేసుకుని బురదలో దిగాను. అవతలి ఒడ్డున డోవ్, వాళ్ల ప్రార్థన మందిరం మనుషులు మరో ఇద్దరు వెతుకుతున్నారు. సాయంత్రానికి మాకు ఆ నోటు పుస్తకంలోవి ఏడు కాగితాలు దొరికాయి. ఐదింటిలో సిరా పూర్తిగా పోయింది. నడక వంతెన మీద నేను వాటిని డోవ్‌కు అందించాను. రెండు చేతులతో తీసుకున్నాడు. నా మొహం చూడకుండా థాంక్యూ అన్నాడు.

బుధవారం రబ్బీ గారు కబురు పెట్టాడు. సుందరి రావాలి, ఆమెకు సలహా చెప్పినాయన కూడా రావాలి అని.

దారిపొడుగునా నేనేం మాట్లాడాలో సిద్ధం చేసుకున్నాను. సంఘం గొడవలెన్నో తీర్చినవాణ్ణి. కెనడా వచ్చిన కొత్తలో యూనియన్ మీటింగులో యజమాని ఎదుట నిలబడి మాట్లాడినవాణ్ణి. వీధి తలుపు తెరిచే ఉంది. రబ్బీ గారు చదువు గదిలో బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. చిన్న మనిషి, తెల్ల గడ్డం. డోవ్ గోడకానుకుని నిలబడ్డాడు. బల్ల మీద మా ఏడు కాగితాలు, వాళ్లకు దొరికిన నాలుగు, తెల్ల బట్ట మీద ఆరబెట్టి ఉన్నాయి.

"తప్పు నాది," అన్నాను. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. "ఆమె నన్నడిగింది, నేను చెప్పాను. మా దేశంలో దేవుడి కాగితాలకు ఇచ్చే అతిపెద్ద గౌరవం ఇదే. భావం ఒక్కటే కదా. మీ గురువులూ మా ఋషులూ చెప్పింది ఒక్కటేనని నేను నిండు సభలో చెప్పాను."

"ఏం చెప్పారు వాళ్లు?" అన్నాడు రబ్బీ గారు.

"అహంకారం వదలమని. అందరిలో దేవుణ్ణి చూడమని."

"నా గురువు మీకు తెలుసా?"

"చూడలేదు. కానీ అలాంటి మహానుభావులు..."

"నాకూ తెలియదు," అన్నాడాయన.

ఆయన ఒక తడి ఆరిన కాగితం మీద, తాకీ తాకకుండా, వేలు పెట్టాడు.

"పదకొండేళ్లు ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఒకరోజు పాఠం మధ్యలో ఒక కుర్రవాణ్ణి గదిలోంచి పొమ్మన్నాడు. మేమందరం కోపం అనుకున్నాం. ఇరవై ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడు, అది కోపం కాదు, దయ, ఆ కుర్రవాడి తల్లి జబ్బుగా ఉంది, ఇంటికి పంపడానికి అలా చేశాడు అన్నాడు. ఇంకొకడు, నేను పక్కనే ఉన్నాను, అది కోపమే అన్నాడు. రెండూ రాసుకున్నాను. ఏది నిజమో ఇప్పటికీ తెలియదు. ఆ పుస్తకంలో ఉన్నవి ఆయన ఉపదేశాలు అనుకుంటున్నారా? కావు. ఆయనలో నాకు అర్థం కానివి. అర్థమైనవైతే రాసుకోవడం ఎందుకు?"

"నాన్నా, మందు వేళయింది," అన్నాడు డోవ్. ఆయన వినిపించుకోలేదు.

"రోజుకొకటి తీసి చూసుకునేవాణ్ణి. ఇది ఇవాళైనా తెలుస్తుందా అని. దాదాపు డెబ్బై పేజీల ప్రశ్నలు పోయాయి. కొన్ని గుర్తున్నాయి. గుర్తులేనివి ఏవో ఎలా తెలుస్తుంది? మీరేమో ఆయన చెప్పింది ఒక్క వాక్యంలో నాకు వినిపించారు."

దారిలో సిద్ధం చేసుకున్న మిగతా మాటలు అక్కడితో వదిలేశాను.

అప్పుడు సుందరివైపు తిరిగాడు. అది నేను మరిచిపోలేను. ఆమె తలుపు దగ్గరే, చేతులు జోడించి నిలబడి ఉంది.

"చలిగా ఉందంటే మీకు తెలిసేది. చీకటిగా ఉందంటే తెలిసేది. ఈమెకు నేను పూర్తిగా తెలుసు అనుకున్నాను. మీకూ అలాగే అనిపించిందా?"

"అనిపించిందండి."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"మీరు అడగనివ్వరు కదండీ. మీరే నేరుగా చెప్పరు కదా శనివారం."

"ఆ రోజు గురువారం," అన్నాడు రబ్బీ గారు.

ఆ మాటను ఆయన ఆమె మీద నిందగా అన్నాడా, తన మీద తనే అనుకున్నాడా, నాకు తెలియదు. గురువారం నాడు ఆమె అడగొచ్చు. గురువారం నాడు ఆయన కూడా పూర్తిగా చెప్పొచ్చు. ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. డోవ్ సుందరికి కుర్చీ లాగి ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"మీరు క్షమించారా లేదా, ఒక్క మాట చెప్పండి," అంది.

"ఇంకా తెలియదు," అన్నాడాయన. "తెలియకుండా చెబితే అది మీకు అవమానం."

ఆ రోజు బయటికొచ్చి కారులో కూర్చున్నాక ఆమె తాళం తిప్పలేదు. "పసిపిల్లలకు ఆకలో నిద్రో చెప్పకుండా కనిపెట్టేదాన్నండి బాబాయ్ గారూ," అంది. "మనుషులు నాకు తెలుస్తారనుకున్నాను." ఓదార్పుగా ఏదో అనబోయి మానుకున్నాను. అప్పటికే ఆమె కోసం నేను ఒక జవాబు చెప్పి ఉన్నాను.

ఏజెన్సీవాళ్లు విచారణ పేరుతో ఆమెను అన్ని ఇళ్లనుంచీ తప్పించారు. ఉత్తరాలు రాసిన ఐదు ఇళ్లు కూడా అందులో ఉన్నాయి. సుందరి తిండి తగ్గించేసింది. మహీధర్ భయపడి ఏప్రిల్ మధ్యలో ఆమెను లండన్‌లో కూతురి దగ్గర దింపి వచ్చాడు. రిషిత గదిలో ఒక మూల పరుపు వేసుకుని ఉంటోంది. రిషిత నాతో ఫోనులో మాట్లాడింది.

"అంకుల్, ఐ టోల్డ్ హర్, మామ్, యూ కుడ్ హావ్ జస్ట్ ఆస్క్డ్ హిమ్. షి జస్ట్ లుక్స్ ఎట్ మీ."

"అట్ల అనకు బిడ్డా. ఆ మాట మీ అమ్మకు నువ్వు చెప్పక ముందే తెలుసు."

"దెన్ వై ఈజ్ షి నాట్ ఈటింగ్?"

మీ అమ్మనే అడుగు తల్లీ, ఊరికే పక్కన కూర్చుని అడుగు అన్నాను. అలాంటి సలహా నేను అంతకు ముందెవరికీ ఇచ్చినట్టు గుర్తులేదు.

ఇక్కడ మన సంఘం సంగతి. కమ్యూనిటీ సెంటరులో టీ దగ్గర మన కోదండరామ్ గారు పదిమందిలో, "కొమరయ్య గారూ, మీ ముప్పై ఒకటో స్టూడెంటు రివర్స్ గేరు వేసిందటగా," అన్నారు. అందరూ నవ్వారు.

"గేరు వేయించింది నేను," అన్నాను. "నవ్వాలంటే నన్ను చూసి నవ్వుండ్రి."

"ఊరికే అన్నాలెండి. అయినా వాళ్లతో మనకెందుకండీ? వాళ్ల ఆచారాలు మనకర్థం కావు."

"మన ఆచారం మనకర్థమైందా కోదండరామ్ గారూ? పాత పటాలు నీళ్లల్ల ఎందుకు వదులుతమో చెప్పుండ్రి."

ఆయన టీ కప్పులోకి చూశారు. నిజానికి ఆ ప్రశ్నకు నాకూ సరైన జవాబు తెలియదు. మా నాయన వదిలేవాడు, నేను వదిలేవాణ్ణి. కార్యదర్శి దీక్షిత్ ఈ వ్యాసంలో సంఘం పేరు రాకుండా చూడమన్నాడు. పేరు రాయలేదు. కానీ ఉగాది హాలులో ఏం జరిగిందో దాచను.

మే రెండో వారంలో డోవ్ నుంచి నాకు ఫోనొచ్చింది. నది వంతెన తర్వాత మేం మాట్లాడుకోవడం అదే మొదలు. ఏజెన్సీ పంపిన కొత్తమనిషి మంచివాడేనట, అడిగినవన్నీ చేస్తాడట. అయినా తండ్రి సుందరినే రమ్మంటున్నాడట.

"క్షమించారన్నమాట," అన్నాను ఆశగా.

"ఆ మాట ఆయన అనలేదు," అన్నాడు డోవ్. "మీరు కూడా అనకండి, ఆమెకు అలా చెప్పకండి. నాకు మాత్రం ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు, అది కూడా చెబుతున్నాను. నాన్నగారి షరతు ఒక్కటే. శనివారం తప్ప మిగిలిన అన్ని రోజులూ ఆమె ప్రతిదీ అడగాలి, ఆయన ప్రతిదీ విడమరిచి చెప్పాలి. నా షరతు ఒకటుంది. పండుగ అయ్యేదాకా రాకూడదు."

జూన్ మొదట్లో వాళ్లకు షవూత్ అని ఒక పండుగ. తమకు శాస్త్రం అందిన రోజని, రాత్రంతా మేలుకుని చదువుకుంటారు. అరవై ఏళ్లుగా ఆ రాత్రి రబ్బీ గారు తన గురువు గురించి రాసుకున్న ఆ నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఈసారి మొదటి నలభై పేజీల ఫోటోలు, మొత్తం దొరికిన పదకొండు కాగితాల్లో అక్షరాలు మిగిలిన మూడు, అంతే. ఆ మూడింటిని పండుగ అయ్యాక గురువు సమాధి దగ్గర పూడ్చడానికి మాంట్రియల్ తీసుకెళతారట. ఆ రాత్రి తండ్రి పక్కన సుందరి నీడ కూడా ఉండకూడదని డోవ్ కోరిక. నేను అందులో తప్పు పట్టలేను.

ఈ సంగతి సుందరికి చెప్పినప్పుడు సంతోషిస్తుందనుకున్నాను. సరేననకుండా రిషిత చదువు సంగతి ఎత్తింది.

"వెళ్లాలా వద్దా అని ఇంకా అనుకుంటున్నావా బిడ్డా?" అని అడిగాను.

"వెళతానండి. కానీ ఆ అర ముందు ఎలా నిలబడాలో తెలియట్లేదు. ఇంకొకటి. ఆయన నన్ను రమ్మన్నది నా మీద జాలితోనా, నాకు అలవాటైన పని కనకనా, లేకపోతే నా మొహం చూసినప్పుడల్లా ఆ పుస్తకం గుర్తుంటుందనా?"

"ఏమనుకుంటున్నవు?"

"ఏమీ అనుకోవట్లేదండి. వెళ్లాక అడుగుతాను. చెబితే వింటాను. చెప్పకపోతే తెలియనట్టే ఉంటాను."

ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు రబ్బీ గారు ఎంత గొప్పవాడో ఒక పేరా రాశాను, కొట్టేశాను. సుందరి మనసు ఎలాంటిదో ఇంకో పేరా రాశాను, అదీ కొట్టేశాను. చూసినవీ విన్నవీ మాత్రమే ఉంచాను. ఇది అచ్చుకిచ్చే ముందు ఫోనులో ఆమెకు మొత్తం చదివి వినిపించి, ఏదైనా తప్పుందా అని అడిగాను. మూడు చోట్ల దిద్దింది, దిద్దుకున్నాను.

మళ్లీ పనిలోకి తీసుకునే ముందు చేయాలని ఏజెన్సీ పెట్టిన నాలుగు వారాల కోర్సు మే ముప్పైతో ముగుస్తుంది, లండన్ నుంచే ఆన్‌లైన్‌లో చేస్తోంది. పండుగ జూన్ మూడు సాయంత్రంతో అయిపోతుంది. తర్వాత మాంట్రియల్ ప్రయాణానికి, తిరిగి రావడానికి తండ్రీకొడుకులకు నాలుగైదు రోజులు పడుతుంది. బాలత్రిపురసుందరి ఆ ఇంటికి తిరిగి రావలసిన రోజు 2025 జూన్ తొమ్మిది, సోమవారం, ఉదయం ఎనిమిది గంటలు.